ఆగిన గుండెకు రక్తము మరలునప్పుడు
(నాట్రంపల్లిలో జరిగిన సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన వీధిలోని ఒక పెద్దాయనకు గుండె నాళములు మూసికొనిపోయినవనియు, బైపాసు శస్త్రచికిత్స చేయవలెననియు వైద్యులు చెప్పిరి. ఆయన ఒప్పుకొనలేదు. "ఆపిన గుండె మరల ఆడకున్న నేనేమి కావలెను?" అని అడిగిరి. ఇంటివారు మమ్ము పిలిపించిరి. మేము అంగడి నడుపువారమే గాని వైద్యులము గాము. అయినను తెలిసినవారిని అడిగి, చదివి గ్రహించినది తెలుగులో చెప్పవలెనని తలచితిమి. వైద్యుల మాట ఇంగ్లీషులోనో, అరవములోనో వచ్చును. భయము మాత్రము మన ఇంటి భాషలోనే పుట్టును గదా.

ఆయన ప్రశ్న తెలివితక్కువది కాదు. 1955లో లండనులో మెల్రోస్ అను వైద్యుడు పొటాషియం సిట్రేటుతో గుండెను నిలుపు పద్ధతిని ప్రకటించెను. పాలు మిక్కిలి గాఢమగుటచే గుండె కండరమునకే చెరుపు కలుగగా కొన్నేండ్లకు దానిని విడిచిరి. 1970లలో పాలు తగ్గించి, చల్లబరచి వాడగా అది నిలద్రొక్కుకొనెను. చల్లగా, కదలక యున్న గుండెకు ప్రాణవాయువు అతిస్వల్పముగా చాలును.

అసలు చిక్కు తరువాత వచ్చును. ఎండి పగుళ్లు బారిన కాలువకు తూము ఒక్కమారుగా ఎత్తినచో గట్టు తెగునని మన రైతులెరుగుదురు. రక్తమందక అలసిన కండరమునకు మరల రక్తము ముంచుకొని వచ్చినప్పుడు సున్నపు ధాతువు కణములలో నిండును, ప్రాణవాయువు నుండియే చెరుపు చేయు అణువులు పుట్టును. అందుచే పలువురు వైద్యులు చివర వెచ్చని రక్తముతో కూడిన ద్రవమునిచ్చి, మొదట తక్కువ ఒత్తిడితో రక్తము వదలి, గుండెను కొంతసేపు బరువు లేకుండ ఆడనిత్తురు. కుట్లు ముగిసినను యంత్రమును వెంటనే తీయకుండుట ఇందుకే. బయట కూర్చున్నవారు ఆలస్యమునకు హడలిపోవలదు.

ముందుగా చేతికి పట్టీ బిగించి వదలుచుండినచో గుండె గట్టిపడునని ఒక ఆశ పుట్టెను. 2015లో వెలువడిన రెండు పెద్ద పరిశోధనలలో దానివలన రోగులకు మేలు కనబడలేదు. కనుక ఒక్క మందుతో ఈ హాని తప్పునని ఎవరైన చెప్పిన నమ్మకుడు.

మనకు దగ్గరనున్న వేలూరు ఈ విద్యకు క్రొత్త ఊరు కాదు. అచటి క్రైస్తవ వైద్య కళాశాలలో 1949లో రీవ్ బెట్స్ ఎదరొమ్ము శస్త్రచికిత్సా శాఖను నెలకొల్పిరి. 1960ల తొలి యేండ్లలో డాక్టరు గోపీనాథ్ అక్కడనే గుండెను తెరచి శస్త్రచికిత్స చేసిరి. మన దేశపు తొలి విజయములలో అది యొకటి.

ఇదంతయు విని పెద్దాయన చాలసేపు ఊరకుండిరి. పిదప, "తూము మెల్లగా ఎత్తుదురన్నమాట" అనిరి. వచ్చు సోమవారము ఆయన వేలూరు పోవుచున్నారు. రక్తమీయగల యువకులును, రాత్రి తోడుండగలవారును మా అంగడిలో పేరు చెప్పవలెను.