పనిచోట పెద్దలు, పిన్నలు
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కామాఠీపుర చరిత్ర శ్రమజీవుల చరిత్ర. పద్దెనిమిదవ శతాబ్దం చివరినుండి నిజాం రాజ్యపు తెలుగు సీమలనుండి వచ్చిన కూలీలు, తాపీ పనివారు ఇక్కడ స్థిరపడ్డారు. ఆ కామాఠీల పేరే పేటకు వచ్చింది. వారిలో వ్యంకు బాలోజీ కాలేవార్, జాయా కరాడీ లింగు వంటి ప్రముఖులు, జ్యోతిరావు ఫూలే 1873లో స్థాపించిన సత్యశోధక సమాజానికి అండగా నిలిచారు. చేతిపని చేసేవారికి చదువు కూడదన్న భావాన్ని ఆ సమాజం ఎదిరించింది.

అయితే పని నేర్పే బడి పనిచోటే. కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీలు మిల్లుల నేత విభాగాలలో చేరినప్పుడు, కొత్తవాడు పాతవాని పక్కన నిలిచే మెలకువలు గ్రహించేవాడు. బద్లీ కార్మికుడు తెల్లవారకముందే మిల్లు గేటు వద్ద వేచి, రానివాని స్థానం దొరికితేనే లోనికి పోయేవాడు. పనిలో పెట్టే అధికారం చాలాకాలం జాబరుది. కనుక నాటి గౌరవంలో భయమూ కొంత కలిసియుండెను. పాతకాలమంతా మంచిదనుట సత్యం కాదు.

1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మెలో సుమారు 2.5 లక్షల కార్మికులు పాల్గొన్నారు. పిదప ఎందరికో తిరిగి పని దొరకలేదు. నేర్పగల పెద్దకు మగ్గం లేకపోయింది. పిన్నలు వేరే బతుకుతెరువు వెదుక్కున్నారు. అలా తరాల నడుమ గొలుసు తెగింది.

నేడు కట్టడం పనిలో ఆ రెండు తరాలు మరల ఎదురుపడుచున్నవి. డిప్లొమా చదివిన యువకుడు నక్షాను ఫోనులో చూసి ఆజ్ఞ ఇస్తాడు. నలభై ఏళ్ళ అనుభవమున్న మేస్త్రీ గోడను కంటితో చూసి వంపు పసిగడతాడు. నలుగురిలో “నీకేం తెలుసు” అన్న ఒక్క మాటతో మేస్త్రీ నోరు మూతపడుతుంది. అతడు చెప్పకుండా విడిచిన పగులు పూత వెనుక దాగుతుంది. నష్టం ఆ ఇంట కాపురముండేవారిది.

పని నడిపించేవారు పాటించవలసినవి కొన్ని కలవు. తప్పు దిద్దవలసివస్తే చాటున చెప్పాలి, పనిని గూర్చి మాత్రమే చెప్పాలి. “మేస్త్రీగారూ, ఇది ఎట్లా చేస్తే నిలుస్తుంది?” అని ముందుగా అడగడం చిన్నతనం కాదు. పెద్దలు కూడ “నిన్నగాక మొన్న వచ్చావు” అనడం మానాలి. కొలతలు, లెక్కలు పిన్నలవద్ద నేర్చుకొనుటకు సిగ్గుపడరాదు. కూలి, పనిగంటలు, బాధ్యత ముందే స్పష్టపరచాలి. వయసు పేరిట ఎవరికీ తగ్గించరాదు.

ఈ చాళ్ళలో అక్షరం రాని తండ్రికి ఊరినుండి వచ్చిన ఉత్తరం చదివి వినిపించిన పిల్లలెందరో. అక్షరం పిల్లవానిది, అందులోని బంధుత్వాల అర్థం తండ్రిది. ఇద్దరూ కూడితేనే ఉత్తరం పూర్తయ్యేది. పనిచోటికి కూడ అదే న్యాయం. ఆ వినయాన్ని అక్షరంతోపాటు నేర్పే పాఠశాల కలకాలం వర్ధిల్లుగాక.