నిండేదాకా ఆగొద్దు



ఇంటి పక్కన నేల కింద సెప్టిక్ ట్యాంకు ఉంటుంది. పైన మూత ఉంటుంది. లోపల ఏముందో కంటికి కనపడదు. కనపడనిది గుర్తుకు రాదు. "ట్యాంకు ఎన్నేళ్లకు తోడించాలి?" అని అడిగితే చాలా ఇళ్లలో ఒకటే జవాబు. "నిండినప్పుడు చూద్దాంలే."

ఈ మాటలోనే పొరపాటు ఉంది. సెప్టిక్ ట్యాంకు ఎప్పుడూ నిండే ఉంటుంది. వాడటం మొదలుపెట్టిన కొన్నాళ్లకే నీళ్లతో నిండుతుంది. ఆ తర్వాత లోపలికి ఎంత నీరు పోతే, అంత నీరు బయటికి పోతుంది. చూడాల్సింది నీటిని కాదు. అడుగున ఉన్న బురదను.

ట్యాంకులో మూడు వరసలు ఉంటాయి. అడుగున బురద. పైన తెట్టు. మధ్యలో నీరు. ఆ మధ్య నీరే గొట్టం గుండా ఇంకుడు గుంతకు పోవాలి. అడుగున పడ్డ మలాన్ని సూక్ష్మజీవులు కొంత కరిగిస్తాయి. అంతా కరగదు. ఏటేటా బురద పెరుగుతుంది. నీటికి చోటు తగ్గుతుంది. అప్పుడు నీటితో పాటు బురద కూడా బయటికి పోతుంది. ఇంకుడు గుంత పూడుకుపోతుంది. దొడ్లో నీళ్లు దిగవు. వానాకాలంలో మురుగు వాకిట్లోకి వస్తుంది. దగ్గర్లో బావి ఉంటే ఆ నీరు కూడా చెడిపోతుంది. పిల్లలకు విరేచనాలు పట్టుకుంటాయి.

ఒక ఇంట్లో అత్త ఇలా అందనుకోండి. "ఇరవై ఏళ్లు తోడించలేదు. ఏమైంది?"

కోడలు ఏమనాలి? "ఏమీ కాలేదని కాదు అత్తయ్యా. ఆ బురద ఎటు పోయిందో మనం చూడలేదు."

మరి ఎన్నేళ్లకు తోడించాలి? రెండు మూడేళ్లకు ఒకసారి. మన దేశంలో ఇంజనీర్లు చెప్పే లెక్క ఇదే. ట్యాంకు చిన్నదై, ఇంట్లో మనుషులు ఎక్కువగా ఉంటే ఇంకా ముందే తోడించాలి. అనుమానం ఉంటే బండివాళ్లతో కర్ర దించి చూపించమనండి. పొడవాటి కర్రకు తెల్లగుడ్డ చుట్టి అడుగుదాకా దించుతారు. కాసేపు ఉంచి తీస్తారు. బురద ఎంత ఎత్తు ఉందో నల్లటి మరక చెబుతుంది. ట్యాంకు లోతులో మూడో వంతు బురద ఉంటే తోడించే వేళ అయినట్టే. వానలకు ముందే తోడిస్తే మేలు.

"ఖర్చు కదా!" అంటారు. నిజమే. కానీ ఇంకుడు గుంత పూడితే మళ్లీ తవ్వించాలి. ఆ ఖర్చు ఇంకా పెద్దది.

తోడించడం అంటే మనిషిని లోపలికి దించడం కాదు. ఇది బాగా గుర్తుంచుకోవాలి. ట్యాంకులో విషవాయువు ఉంటుంది. ఊపిరికి గాలి ఉండదు. దిగిన మనిషి కేక వేయకుండానే పడిపోతాడు. అతన్ని కాపాడబోయి ఇంకొకడు దిగుతాడు. అతనూ పడిపోతాడు. ఇలా ఎన్నో ఇళ్లలో దీపాలు ఆరిపోయాయి. రక్షణ సామాను లేకుండా మనిషిని ట్యాంకులోకి దించడం 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారి దించినందుకే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా పడవచ్చు. "తక్కువ డబ్బులకు దిగుతాను" అని ఎవరు వచ్చినా వద్దనండి. వాళ్లకూ ఇల్లు ఉంది. పిల్లలు ఉన్నారు.

పంపు ఉన్న ట్యాంకరు బండినే పిలవాలి. పంచాయతీలో గాని, మున్సిపాలిటీలో గాని అడగండి. మూత తీసినప్పుడు పిల్లలను దూరంగా ఉంచండి. లోపలికి వంగి చూడొద్దు. అగ్గిపుల్ల గీయొద్దు. లోపలి వాయువు అంటుకుంటుంది. పని అయ్యాక మూత గట్టిగా వేయించండి.

బండివాళ్లను ఇంకో మాట అడగండి. "ఈ బురద ఎక్కడ పోస్తారు?" చెరువులో పోస్తే ఆ మురుగు మళ్లీ మన నీళ్లలోకే వస్తుంది. వరంగల్ లాంటి చోట్ల దీన్ని శుద్ధి చేసే కేంద్రాలు ఉన్నాయి. అలాంటి చోటికే తీసుకుపొమ్మనండి.

చివరగా ఒక చిన్న పని. తోడించిన రోజే మరుగుదొడ్డి గోడ మీద రంగుతో రాసి పెట్టండి. తోడించిన ఏడాది 2025 అయితే, దాని కింద "మళ్లీ 2028" అని రాయండి. మనసు మరిచిపోతుంది. గోడ మరిచిపోదు. చదువు నేర్చిన చేతికి అదెంత పని?