వెనక వరుసలోని కారు



క్రికెట్టు గురించో సినిమాల గురించో అయితే మీలో చాలామందికి నాకంటే ఎక్కువే తెలిసి ఉంటుంది. ఈ పూట నేను చెప్పబోయేది కారు పందేల గురించి, అందులోనూ ఒకే ఒక్క డ్రైవరు గురించి. ఆయన పేరు నరైన్ కార్తికేయన్. ఊరు కోయంబత్తూరు. ఆయనకు అభిమానిగా ఉండటం అంత సులభమైన పని కాదు. ఎందుకో వింటే మీకే తెలుస్తుంది.

కోయంబత్తూరు అనగానే నూలుమిల్లులు, పంపుసెట్లు గుర్తుకొస్తాయి. తరాల కిందట వెళ్ళి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు అక్కడ ఎన్నో. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మిల్లు ఉన్నచోట లేతు ఉంటుంది, లేతు ఉన్నచోట యంత్రాల మీద మోజు పుడుతుంది. జి.డి. నాయుడుగారు 1920లో ఒకే ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టింది ఆ ప్రాంతంలోనే. ఆ ఊరివాడే ఎస్. కరివర్ధన్. మారుతి 800 ఇంజను బిగించి ఒంటి సీటు పందెం కార్లు తయారుచేయించాడు. వాటికి ఫార్ములా మారుతి అని పేరు. విదేశీ కారు తెప్పించుకోగల కొద్దిమందికే పరిమితమైన ఆట, వాటివల్ల మరికొంతమంది కుర్రవాళ్ళకు అందింది. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలోని పందెపు బాటకు ఆయన పేరే పెట్టారు.

మద్రాసుకు ఉత్తరాన షోళవరం ఉంది. రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే మీద అక్కడ ఏటా పందేలు జరిగేవి. మా నాయన నన్ను మొదట తీసుకెళ్ళింది అక్కడికే. ఎండ, దుమ్ము, కాలిన నూనె వాసన. కారు కంటబడకముందే దాని చప్పుడు గుండెల్లో తగిలేది. తరువాత శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో అసలు సిసలైన పందెపు బాట వచ్చింది. నరైన్ అక్కడే 1993లో ఫార్ములా మారుతి నడిపాడు. వాళ్ళ నాన్న జి.ఆర్. కార్తికేయన్ దక్షిణ భారత ర్యాలీని ఏడుసార్లు గెలిచినవాడు. అంటే కుర్రవాడికి ఇంట్లోనే గురువు ఉన్నాడన్నమాట.

ఆ తరువాత అతను ఇంగ్లండు వెళ్ళాడు. 1994లో అక్కడ ఫార్ములా ఫోర్డు శీతకాలపు పోటీల్లో విజేత అయ్యాడు. 1996లో ఫార్ములా ఆసియా ఛాంపియన్. ఈ కబుర్లు మాకు ఎలా తెలిసేవనుకున్నారు? పేపర్లో ఆటల పేజీ చివర రెండే రెండు లైన్లు పడేవి. ఆ రెండు లైన్ల కోసం సోమవారం పేపరు ముందు నుంచి కాక వెనక నుంచి తిప్పేవాళ్ళం. 2001లో జాగ్వార్ జట్టు ఫార్ములా వన్ కారును సిల్వర్‌స్టోన్‌లో పరీక్షగా నడిపాడు. అప్పటిదాకా ఆ కారులో కూర్చున్న భారతీయుడు లేడు.

పందెంలో దిగడానికి మాత్రం ఇంకో నాలుగేళ్ళు పట్టింది. 2005 మార్చి 6, ఆదివారం, మెల్‌బోర్న్. జోర్డాన్ జట్టు పసుపురంగు కారు. మన ఉదయపు టిఫిన్ల వేళకి పందెం మొదలైంది. ఆరంభంలో 12వ స్థానం, ముగింపులో 15వ స్థానం. జోర్డాన్ అప్పటికే చితికిపోయిన జట్టు. ఆ కారుతో గెలవడం ఎవరి తరమూ కాదు. ఈ ఆటలో మనిషి ఎంత గట్టివాడైనా యంత్రాన్ని మించి పోలేడు. పోషకుల డబ్బు లేనిదే యంత్రం రాదు. నరైన్ వెనక టాటాలు నిలబడ్డారు కాబట్టి ఆ సీటు దక్కింది. డబ్బుతో సీటు కొన్నాడని గేలిచేసినవాళ్ళు ఉన్నారు. కానీ సీటు వచ్చాక గంటకు మూడువందల కిలోమీటర్ల వేగంతో దాన్ని మలుపు తిప్పేది డబ్బు కాదు గదా!

అదే ఏడాది జూన్ 19న ఇండియానాపొలిస్ పందెం. ఆ బాటలో ఒక మలుపు దగ్గర మిషెలిన్ టైర్లు తట్టుకోలేవని తేలింది. ఆ టైర్లున్న 14 కార్లు ఆరంభానికి ముందే పక్కకు తప్పుకున్నాయి. మిగిలినవి ఆరు. నరైన్ నాలుగోవాడుగా వచ్చి అయిదు పాయింట్లు తెచ్చుకున్నాడు. ఫార్ములా వన్‌లో ఒక భారతీయుడికి దక్కిన తొలి పాయింట్లు అవే. “ఆరు కార్లలో నాలుగోవాడు కావడం ఒక గొప్పా?” అని మా బావ ఇప్పటికీ దెప్పుతాడు. నేను ఒకటే అంటాను: “బావా, టైరు ఎంచుకున్నది నరైన్ కాదు. బాట మీద నిలిచి, వెనక ఇద్దరిని ఉంచి, చివరిదాకా నడిపాడు. లెక్క లెక్కే.”

ఇక మీరు విని ఉండని సంగతి ఒకటి చెబుతాను. అమెరికాలో నాస్‌కార్ అనే సంస్థ 1948 నుంచి స్టాక్ కారు పందేలు నడుపుతోంది. స్టాక్ కారు అంటే మొదట్లో దుకాణంలో అమ్మే మామూలు కారే. తరువాత్తరువాత పైరూపం మాత్రమే మిగిలి, లోపలంతా పందెపు యంత్రమైంది. ఎక్కువ బాటలు గానుగెద్దు దారిలా గుండ్రంగా ఉంటాయి. ఎప్పుడూ ఎడమవైపే తిరగాలి. బండికి బండి రాసుకుంటుంది, గుద్దుకుంటుంది. 2010లో నరైన్ అక్కడి పికప్ ట్రక్కుల పందేల్లో దిగాడు. మార్టిన్స్‌విల్‌లోని మైలులో సగం బాట మీద తొలి పందెంలోనే 13వ స్థానంలో వచ్చాడు. ఆ ఏడాది ఆ తరగతిలో అందరికీ ఇష్టమైన డ్రైవరుగా అభిమానులు ఓట్లేసి ఆయన్నే ఎన్నుకున్నారు. ఒక్క పందెమూ గెలవని వాడికి! వెనక వరుసలోని కారుకు నాలాంటివాళ్ళు లోకంలో ఎంతమంది ఉన్నారో నాకు ఆ రోజు తెలిసింది.

2011 అక్టోబరు 30న మన దేశంలోనే, ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలో మొదటి ఫార్ములా వన్ పందెం జరిగింది. హెచ్.ఆర్.టి. అనే అడుగు జట్టు కారుతో నరైన్ 17వవాడుగా వచ్చాడు. అదే జట్టులో తన సీటులోకి వచ్చిన రికియార్డో ఆ రోజు అతని వెనకే ముగించాడు. ఆ ఒక్క స్థానం విలువ తెలిసినవాళ్ళకే తెలుసు.

కథ అక్కడితో అయిపోలేదు. 2019 నవంబరులో జపానులోని ఫుజి బాట మీద జర్మనీ డి.టి.ఎం., జపాను సూపర్ జి.టి. కార్లు కలిసి పోటీ పడ్డాయి. అక్కడ ఆదివారం పందెంలో హోండా కారుతో నరైన్ మొదటివాడుగా వచ్చాడు. అప్పటికి వయసు 42 ఏళ్ళు. ఆ రోజు మా ఇంట్లో పాయసం వండారు. బావకు కూడా ఒక గిన్నె పంపించాం.

శ్రోతలారా! సరిహద్దు జిల్లాల్లో ఉండే మనకు, మనల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరేమో అన్న బెంగ ఒకటి ఉంటుంది. రాజధానులు దూరం, వార్తల్లో మన ఊరి పేరు చివరి లైను. ఆ బెంగ ఉన్నవాళ్ళకు నరైన్ కథ పనికొస్తుంది. ఫలితాల పట్టికను కింది నుంచి చదవడం నాకు ఆయనవల్లే అలవాటైంది. కింద ఉన్న పేర్లు కూడా పందెం మొత్తం నడిపినవాళ్ళవే. మీ ఊళ్ళో మెకానిక్కు షాపు ముందు కూర్చుని ఇంజను విప్పుతున్న కుర్రవాడు ఎవరైనా ఉంటే, “ఫస్టు వస్తావా?” అని అడగకండి. “ఎంతవరకు వచ్చింది?” అని అడగండి.