సూదిబెజ్జపు ఛాయాయంత్రము

హంపీ విరూపాక్షాలయమున నొక చీకటిగదిలో గోపురచ్ఛాయ తలక్రిందుగా బడుటను మీలో గొందఱు చూచియుందురు. అది మాయ గాదు. వెలుతురు ఋజుమార్గమున నేగును. సన్నని రంధ్రమును దాటగనే శిఖరకాంతి క్రిందికిని, పాదకాంతి మీదికిని జేరును.

ఆ గదినే పెట్టెగా జేయవచ్చును. వెలుతురు చొరని పెట్టెకు లోపల దీపపుమసి పూయుడు. ముందుప్రక్క పలుచని రేకు నమర్చి, అర మిల్లీమీటరునకు లోబడిన బెజ్జమును సూదిమొనతో బొడిచి, అంచులను నునుపుగా నఱుగదీయుడు. నేర్పంతయు నిచ్చటనే యున్నది. బెజ్జము పెద్దదైనచో బొమ్మ యలుకుకొనిపోవును. పది సెంటీమీటర్ల వెనుక, చీకటిలో, ఫొటోకాగితమును నిలిపి, బెజ్జమునకు మూతవేయుడు. ఎండలో మూతదీసి కొన్ని నిమిషము లుంచవలెను.

మన కృష్ణదేవిపేటలో, 1924లో నసువులు బాసిన అల్లూరి సీతారామరాజు సమాధియెదుట దీనిని నిలుపుడు. సమాధి చక్కగా దిగును. ముందు నడచిపోవువారి జాడయైన నుండదు. మీరును బటమున నుండగోరినచో నంతసేపును గదలక కూర్చుండవలెను. పసివాండ్రను మాత్రము నిద్రలోనే పట్టవలయును!