సంఘపు రిజిస్టరులో తాతల పేర్లు

భూవసతి గల ఇంటివారికి వంశవృక్షము వ్రాసికొనుట అంత కష్టము కాదు. పట్టా కాగితము కలదు, పహాణీ కలదు, పెట్టె అడుగున ఏ దావా కాగితమో దొరకును. కాని అయిజ వంటి ఊరిలో తరతరములుగా పరుల పొలములలో కూలి చేసి బ్రతికిన కుటుంబము మాట యేమి? తాత పేరు తెలియును, ముత్తాత దగ్గర జ్ఞాపకము ఆగిపోవును. అట్టివారిలో క్రైస్తవులైన కుటుంబములకు ఒక ఆధారము మిగిలి యుండవచ్చును. అదియే సంఘపు రిజిస్టరు. ఏ భూమి లెక్కకును ఎక్కని అవ్వ పేరు సయితము అందులో కనిపింపవచ్చును.

అయితే, అది ఏ శాఖవారి పుస్తకమో ముందు తెలిసికొనవలెను. కృష్ణా తుంగభద్రల నడుమనున్న మన నడిగడ్డలో మొదట అమెరికను బాప్టిస్టులు పనిచేసిరి. 1937లో గద్వాల క్షేత్రము మెన్నొనైట్ బ్రదరన్ వారి చేతికి వచ్చినది. ఈ ఇరువురును పసిబిడ్డలకు బాప్తిస్మమియ్యరు; ఎదిగి, తన నోట విశ్వాసము ఒప్పుకొన్నవారినే నీట ముంచుదురు. కనుక పేరు ప్రక్కనున్న తేదీ పుట్టిన తేదీ కాదు. పదునారేండ్ల పిల్లయు, అరువదేండ్ల ఆమె అవ్వయు ఒకే దినమున బాప్తిస్మము పొంది యుండవచ్చును. ఒంగోలు మిషనువారు ధాత కరువు వెనుక, 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి కడ ఒక్కనాడే 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. ఆ తేదీని జన్మదినముగా తలచినచో ఊళ్లకు ఊళ్లే ఒకనాడు పుట్టినట్లగును!

తుంగభద్ర దాటి నంద్యాల వైపు ఆంగ్లికను సంఘముల పద్ధతి వేరు. వారు శిశువులకే బాప్తిస్మమిత్తురు. వారి రిజిస్టరు నమూనాలో బిడ్డ పుట్టిన తేదీకి, తలిదండ్రుల పేర్లకు, తండ్రి వృత్తికి గడులుండును. మెదకు మెథడిస్టులును శిశువులకు బాప్తిస్మమిచ్చినవారే. ఏటికి అవతలినుండి కోడలు వచ్చిన ఇంట రెండు విధముల పుస్తకములును చూడవలసి వచ్చును.

పేర్ల చిక్కు మరియొకటి. ఇంట ఎల్లమ్మ, రిజిస్టరులో మరియమ్మ కావచ్చును. దొరలు ఇంగ్లీషున వ్రాసినచోట ఇంటిపేరు ఒక్కొక్క పుటలో ఒక్కొక్క తీరున నుండును. అయిజ పేరే నేటికిని ఇంగ్లీషున ఒక విధముగా వ్రాయబడుట లేదు. పెద్దలు ఫసలీ సంవత్సరము చెప్పినచో 590 కలుపుడు. ఇంచుమించుగా క్రీస్తు శకము వచ్చును. విరోధి, వికృతి అని చెప్పినచో, అరువదేండ్లకు ఆ పేరే మరల వచ్చునని మరువరాదు. మా మట్టుకు, పుస్తకము తెరచుటకు ముందే ఇంటి ముసలమ్మను కూర్చుండబెట్టి ఆమె చెప్పినదంతయు వ్రాసికొనుట మేలని తోచుచున్నది. ఎవరు ఎవరికి మేనత్తయో రిజిస్టరు చెప్పదు.

మిషను నివేదికలు కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో, బాప్టిస్టులవి అట్లాంటాలో భద్రమై యున్నవి. అయినను ముందుగా అడుగవలసినది స్థానిక సంఘపు పాస్టరుగారినే. పుటను ఉన్నది ఉన్నట్లు, తప్పులతో సహా, పుట సంఖ్య వేసి వ్రాసికొనుడు.

పొరుగువారి పుటను మాత్రము పదుగురిలో చదువవలదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులముల గుర్తింపు క్రైస్తవులకు వర్తింపదు. సంఘములో ఒక పేరు, ధ్రువపత్రములో మరియొక పేరు గల ఇండ్లు కలవు. ఆ పేర్లు బయట పెట్టుటయా మానుటయా అన్నది ఆ ఇంటివారి ఇష్టము.