పుట్టింటి పిలుపు



పిలవని పేరంటానికి వెళితే సతీదేవికి పట్టిన గతే పడుతుందని మన పెద్దవాళ్ళు అంటూ వుండేవారు. మనమూ మన అమ్మాయిలతో అంటూనే వున్నాం. ఈ రోజు ఆ సతీదేవిని గురించి, ఆమె కథతో ముడిపడిన ద్రాక్షారామాన్ని గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

రామచంద్రాపురానికి దగ్గరలో వుంది ద్రాక్షారామం. పంచారామాలలో ఒకటి. దక్షుడు యజ్ఞం చేసింది ఇక్కడేననీ, దక్షారామమే ద్రాక్షారామం అయిందనీ మనవాళ్ళ నమ్మకం. హరిద్వారం దగ్గరి కనఖల్ వాళ్ళు అది తమ వూళ్ళోనే జరిగిందంటారు. భీమేశ్వరస్వామి లింగం ఎంత ఎత్తంటే, గర్భాలయం రెండంతస్తులుగా కట్టారు. కింద పాదభాగం చూసి, మెట్లెక్కి పైన శిరోభాగం దర్శించుకోవాలి. అమ్మవారు మాణిక్యాంబ. అష్టాదశ శక్తిపీఠాలలో ఇదొకటి. శ్రీనాథుడు భీమేశ్వర పురాణం రాసింది ఈ క్షేత్రాన్ని గురించే.

కథ మీకు తెలిసిందే. తను సభలోకి వస్తే అల్లుడు లేచి నిలబడలేదని దక్షుడికి కోపం. యజ్ఞానికి అందరినీ పిలిచి, కూతురినీ అల్లుడినీ మానేశాడు. కన్నవారింటికి పిలుపెందుకు అంది సతి. శత్రువు బాణం కన్నా అయినవాళ్ళ మాట ఎక్కువ బాధిస్తుందన్నాడు శివుడు. అయినా ఆమె వెళ్ళింది. దక్షుడికి భయపడి సభలో ఎవరూ పలకరించలేదు. అయితే భాగవతంలో ఒక సంగతి వుంది. తల్లీ, అక్కచెల్లెళ్ళూ మాత్రం కన్నీళ్ళతో ఆమెను కౌగిలించుకున్నారట, కానుకలిచ్చారట. తండ్రి ఆదరించని చోట సతి అవేవీ పుచ్చుకోలేదు. శివుడికి హవిర్భాగం కూడా లేదని చూసి, యోగాగ్నిలో దేహం విడిచింది.

ఆ తల్లిని తలుచుకుంటే నాకు మా అమ్మ గుర్తొస్తుంది. పొలం విషయంలో మా నాన్నగారికీ బావగారికీ మాటపట్టింపు వచ్చి, అన్నయ్య పెళ్ళికి అక్కయ్యకి శుభలేఖ వెళ్ళలేదు. అయినా ముహూర్తం వేళకి చంకలో పిల్లతో వచ్చింది. నాన్నగారు మొహం తిప్పుకున్నారు. అమ్మ వంటింట్లోకి తీసుకెళ్ళి కళ్ళొత్తుకుంది, చేతిలో రవికెల గుడ్డ పెట్టింది. బయటికొచ్చి నాన్నగారితో ఒక్క మాట అనలేదు. నాకప్పుడు పదహారేళ్ళు. బొట్టు పెట్టే పళ్ళెం నా చేతిలోనే వుంది. నాన్నగారు చూస్తున్నారని అక్కయ్యను దాటి పక్కావిడకు పెట్టాను. అక్కయ్య ఆ గుడ్డ కిటికీలో పెట్టేసి, భోంచెయ్యకుండా వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ గడప తొక్కింది నాన్నగారు పోయిన రోజునే.

మొన్న ద్రాక్షారామంలో అమ్మవారి ముందు కుంకుమ పళ్ళెం పట్టుకుని నిలబడితే, నాకు ఆ పళ్ళెమే కళ్ళల్లో మెదిలింది.

ఈ కథని ఆడపిల్లలకి బుద్ధి చెప్పడానికే వాడుకుంటున్నాం. నిజానికి ఇది తల్లులకి చెప్పవలసిన కథేమో! వంటింట్లో పెట్టుకున్న కన్నీళ్ళు నలుగురిలో జరిగిన అవమానాన్ని కడగలేవు. ఆ నలుగురిలోనే ఒక మాట అనాలి.

కిందటేడు మా గృహప్రవేశానికి అల్లుణ్ణి పిలవొద్దన్నారు మావారు. శుభలేఖ మీద ఇద్దరి పేర్లూ నేనే రాసి, ఆయన ఎదురుగానే పోస్టుకి పంపాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రోజు రాగానే స్టేషనుకి మాత్రం ఆయనే వెళ్ళారు.

మీ ఇంట్లో శుభలేఖలు రాసేటప్పుడు, రాయకుండా ఆగిపోయిన పేరేదైనా వుందేమో ఒక్కసారి చూసుకోండి. సెలవు.