లెక్క ఆపిన మనిషి



ఈ రోజు మీరు వేదాంత పట్టా అందుకుంటున్న ఈ వేడుకకు వస్తూ వస్తూ, హైదరాబాదులోని ఖాజాగూడ గుట్టల దగ్గర కారు కాసేపు ఆపించాను. అక్కడ దర్గా ఉంది, రాతిగుహలో గుడి ఉంది. ఎదురుగా అద్దాల మేడలు. ఈ చుట్టుపక్కల మన క్రైస్తవ సంఘాలు ఎక్కడ కూడుతున్నాయో మీకు తెలుసు. ఫంక్షన్ హాళ్లలో, స్కూలు ఆడిటోరియాల్లో, అపార్టుమెంట్ల క్లబ్‌హౌసుల్లో. కానుక సంచి పక్కనే క్యూఆర్ కోడ్. దాన్ని నేను తప్పు పట్టను. మా అమ్మ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి గురిగిలో వేసేది, ఆదివారం అది గుడికి చేరేది. ఇప్పుడు ఆ గురిగి ఫోన్లోకి వచ్చింది, అంతే.

నా బాధ వేరు. ఇద్దరు పాస్టర్లు కలిస్తే వందనాలు అవగానే వచ్చే ప్రశ్న: “మీ సంఘం ఎంత?” ఈ మధ్య దానికి తోడు, “లైవ్‌లో ఎంతమంది చూస్తున్నారు?” సంఘం ఆరోగ్యం ఎలా ఉందంటే మనం బరువు చెబుతున్నాం. బరువు పెరగడం ఒక్కోసారి జబ్బు లక్షణమే.

అంకెలే కావాలంటే మన చరిత్రలో 2,222 ఉంది. 1878 జులై 3న, ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే అంతమందికి బాప్తిస్మం. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా నీళ్లలో నిలబడి, అలసినప్పుడు వంతులు మార్చుకుంటూ ఇచ్చారు. ఈ అంకె సండే స్కూలు పిల్లలకీ వచ్చు. దానికి ముందున్న సున్నా సంగతి మాత్రం మనం చెప్పం.

1876–78 నాటి పెద్ద కరువు. ఒంగోలులో అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉండేవాడు. మిషనరీ కాకముందు ఆయన అమెరికాలో సర్వేయరు. ఆ విద్యతోనే బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ల పైచిలుకు తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. బోధకుల్ని మేస్త్రీలుగా పెట్టి, వచ్చినవాళ్లకల్లా పనిచ్చి కూలి ఇచ్చాడు. జనం బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఇవ్వలేదు. ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. మెతుకుల కోసం వచ్చారన్న మాట వాళ్లమీద పడకూడదని. కరువు తగ్గాక, పంచడానికి చేతిలో ఏమీ లేనప్పుడు, వాళ్లే మళ్లీ వచ్చారు. అంతమందిని ఒక్కరోజున చేర్చుకుంటే తర్వాత వాళ్లకు నేర్పేదెవరు అన్న అనుమానం నాకు ఈ రోజుకీ ఉంది. కానీ ఆ సున్నా ముందు మాత్రం తల వంచుతాను.

అంతకు పదేళ్ల కిందట ఇంకో సంగతి జరిగింది. తోలు వ్యాపారం చేసే మాదిగ పెద్ద యర్రగుంట్ల పేరయ్య అప్పటికే నమ్మి, ఊరూరా చెబుతున్నాడు. ఒంగోలు పెద్దకులాల వారు క్లౌతో, మాదిగల్ని చేర్చుకుంటే మేం రాం అన్నారు. బడికి పిల్లల్ని పంపుతున్నదీ, పలుకుబడి ఉన్నదీ వాళ్లే. ఆ రోజు ఆయన ఒక గదిలో, భార్య హ్యారియెట్ ఇంకో గదిలో విడివిడిగా బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే చోటు కనబడిందని ఆయనే రాసుకున్నాడు. ఈ లోకం లెక్కచెయ్యనివారిని దేవుడు ఎంచుకుంటాడన్న చోటు అది. పేరయ్య వాళ్లు ఉండిపోయారు. పెద్దలు వెళ్లిపోయారు.

ఇప్పుడు మన పెళ్లి సంబంధాల వాట్సాప్ గ్రూపులో ఒక బయోడేటా తెరవండి. మతం: క్రైస్తవం. దాని కింది గడి ఖాళీగా ఉండదు. క్లౌ పంపించేసిన షరతును మనం ఆహ్వానించి లోపల కూర్చోబెట్టాం.

పోయిన నెల ఈ చుట్టుపక్కలే ఒక ఆరాధనలో వాక్యం చెప్పడానికి వెళ్లాను. పార్కింగ్‌లో టోకెన్లిస్తున్న సెక్యూరిటీ గార్డు నా చేతిలో బైబిలు చూసి “వందనాలయ్యగారూ” అన్నాడు. ఊరు మద్దిపాడు వైపట. తాతల నాటి నుంచి బాప్తిస్టులు. లోపలికి రాకూడదా అన్నాను. “ఆదివారమే కదయ్యగారూ డ్యూటీ” అని నవ్వాడు. ప్రభుబల్లలో పాలు పొంది పది నెలలైందట. లోపల ఆ రోజు సంస్కారమే. రొట్టె ముక్కలు, చిన్న గ్లాసులు వరసల మధ్య తిరిగొచ్చాయి. మిగిలినవి బల్ల మీదే ఉండిపోయాయి. నేనూ ఆ పళ్లెం పట్టుకుని బయటికి వెళ్లలేదు. భోజనానికి పిలిస్తే వెళ్లాను. కారు తీసేటప్పుడు టోకెను అతని చేతికే ఇచ్చాను.

మీలో కొందరు వచ్చే నెల నుంచి ఇక్కడి సంఘాల్లోనే పనిలో చేరతారు. ఈ మేడల కింద పన్నెండు గంటల షిఫ్టు రాత్రి ఎనిమిదింటికి దిగుతుంది. ఎనిమిదిన్నరకు ఒక ఆరాధన పెట్టండి. ఇద్దరే వచ్చినా సంస్కారం ఇవ్వండి. దాన్ని లైవ్‌లో పెట్టకండి.